మొప్పల రంగు

గ్వెయ్‌జెన్‌కి అసహ్యమంటే ఏమిటో నలభై తొమ్మిదో ఏట తెలిసింది. అప్పటిదాకా ఆమె ముక్కు దేనికీ ముడుచుకోలేదు. పుట్టింది పందులు పెంచే ఇంట్లో. ఇరవై ఒక్కేళ్లుగా పని చేస్తున్నది యాన్‌చావ్ ఊరి మురుగునీళ్లు శుద్ధి చేసే ప్లాంటులో. ఊరి జనం పొద్దున్నే కడుపు ఖాళీ చేసుకుని, నీళ్లు వదిలి మరిచిపోయేదంతా ఆమె దగ్గరికే వస్తుంది. దాన్ని ఆమె మగ్గుతో ముంచి చూస్తుంది, వాసన చూస్తుంది, వేళ్ల మధ్య రాసి చూస్తుంది. ఆ తర్వాత కుళాయి కింద చెయ్యి ఒకసారి ఝాడించి, తొట్టి గట్టు మీదే కూర్చుని ఆవిరి రొట్టె తింటుంది.

"కాస్త సబ్బు పెట్టి కడుక్కోవే తల్లీ, చూడలేకపోతున్నాను" అనేవాడు భర్త షౌచెంగ్, ఎప్పుడైనా అన్నం క్యారేజీ తెచ్చిచ్చినప్పుడు.

"మనుషుల్లోంచి వచ్చిందేగా. నీ వాటా కూడా ఉంది ఇందులో. దానికింత వేషాలెందుకు?" అనేది ఆమె.

తొట్లలో తిరిగే గోధుమరంగు బురదని ఆమె 'మా మంద' అనేది. అది బురద కాదు, కోట్లకొద్దీ క్రిములు. పందులకి ఆకలేస్తే అరుస్తాయి, వీటికి నోరు లేదు, అంతే తేడా. మురుగులో ఉచ్చ ఉంటుంది, ఉచ్చలో నత్రజని ఉంటుంది. గాలి ఊదే తొట్టిలో ఒక రకం క్రిములు దాన్ని నైట్రేటుగా మారుస్తాయి. ఆ నీళ్లని మళ్లీ వెనక్కి, గాలి లేని తొట్టిలోకి పంపితే అక్కడ ఇంకో రకం క్రిములు ఆ నైట్రేటుని విరగ్గొట్టి నత్రజనిని ఆకాశంలోకి వదిలేస్తాయి. నీళ్లు ఏటికి పోతాయి, ఎవరికీ హాని లేదు. కాకపోతే ఈ రెండో రకానికి పని చెయ్యాలంటే తిండి పడాలి. వాటి తిండి కర్బనం. తిండి సరిపోయిన రోజున గాలి లేని తొట్టి మీద ఆవగింజలంత బుడగలు సన్నగా లేస్తుంటాయి. గ్వెయ్‌జెన్ ల్యాబుకి వెళ్లకముందే ఆ బుడగలు చూసి అంకె చెప్పేసేది.

యాన్‌చావ్ మురుగు మొదటినుంచీ పలచనే. ప్రతి బిల్డింగు కిందా ఒక సెప్టిక్ ట్యాంకు ఉంది, తిండి సగం అక్కడే కుళ్లిపోతుంది. మిగిలినదాంట్లోకి పాత పైపుల పగుళ్లలోంచి ఏటి నీళ్లు చేరతాయి. ప్లాంటుకి వచ్చేసరికి ఉచ్చ ఉచ్చలాగే ఉంటుంది, తిండి మాత్రం దారిలోనే అయిపోతుంది. అందుకని బయటినుంచి కొని పెట్టాలి. ఏళ్లతరబడి పెడుతున్నది సోడియం అసిటేట్, కాస్త వెనిగర్ వాసన వేసే తెల్ల ఉప్పు. చలికాలం మంద మందగిస్తుంది కాబట్టి ఇంకో రెండు బస్తాలు ఎక్కువ. ఆ లెక్క ఆమె చేతికి అలవాటైపోయింది.

ఆ ఏడు చలి మొదలవుతూనే తెల్ల బస్తాలు ఆగిపోయి, నీలం డ్రమ్ములు వచ్చాయి. ప్లాంటు మేనేజర్ హౌ బావమరిది ఎక్కడో వాటిని తయారు చేయిస్తాడట. మీద అంటించిన కాగితంలో 'రెట్టింపు బలం' అని రాసి ఉంది. మూత తియ్యగానే మాడిన బెల్లం వాసన, దాని అడుగున ఇంకేదో కుళ్లిన వాసన. గ్వెయ్‌జెన్ ఒక సీసాడు ల్యాబుకి తీసుకెళ్లి పరీక్ష చేసింది. చెప్పిన బలంలో మూడో వంతు కూడా లేదు. పైగా దాంట్లోనే నత్రజని ఉంది.

ఆ కాగితం పట్టుకుని హౌ గదికి వెళ్లింది. హౌకి నలభై దాటలేదు, మనిషి కడిగిన ముత్యంలా ఉంటాడు. తొట్ల మధ్య నడవాల్సి వస్తే ముక్కుకి మాస్కు, చేతులకి తెల్ల గ్లౌజులు. గదిలోకి రాగానే అత్తరు వాసనేసే నీళ్లతో చేతులు రుద్దుకుంటాడు.

"సార్, అన్నం పెడతామని చెప్పి వాటి నోట్లో ఉచ్చ పోస్తున్నాం" అంది.

"మాట తీరు చూసుకో నియే అక్కా, టీ తాగుతున్నాను." నియే ఆమె ఇంటిపేరు. అతనికి పనుంటే ఆమె 'నియే అక్క', లేకపోతే వట్టి 'నియే'. "కొత్త సరుకు కదా, నీ క్రిములకి అలవాటవ్వాలి. రెండు వారాలు చూడు."

రెండు వారాలు కాదు, మూడు వారాలు చూసింది. బుడగలు ఆగిపోయాయి. తొట్టి పైభాగం పాడుబడ్డ చెరువులా కదలక మెదలక ఉండిపోయింది. బయటికి పోయే నీళ్లలో నత్రజని లీటరుకి పదిహేను మిల్లీగ్రాములు దాటకూడదు, ఆమె పరీక్షలో ఇరవై మూడు వచ్చింది. ఏ పందైనా మూడు వారాలు పస్తుంటే తలుపులు విరగ్గొట్టేది. ఈ మంద మాత్రం పని సగం చేసి వదిలేస్తోంది. నైట్రేటు పూర్తిగా విరగక నైట్రైట్ దగ్గర ఆగిపోతోంది. ఆ సగం ఉడికిన సరుకు చేపల పాలిటి విషం.

ఆ సంగతి ముందు చెప్పింది గేటు దగ్గరి చేపల తొట్టే. ప్లాంటు తెరిచిన నాటినుంచీ అక్కడ ఒక రాతి తొట్టి ఉంది, శుద్ధి చేసిన నీళ్లు దాంట్లోంచి పారి ఏటికి వెళ్తాయి. ఎర్ర చేపలు చూడ్డానికి, గడ్డి చేపలు తినడానికి. పై ఆఫీసు నుంచి ఎవరొచ్చినా వాళ్ల కళ్లముందే వలేసి ఒక గడ్డి చేపని పట్టాలి, క్యాంటీన్లో అల్లం, మిరపకాయలేసి వండాలి, మధ్యాహ్నం బల్ల మీద పెట్టాలి. మా నీళ్లలో పెరిగిన చేపని మేమే తింటాం, ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి అని చెప్పడం. ఇరవై ఒక్కేళ్లుగా ఆ వల వేసేది గ్వెయ్‌జెనే. ఆ పని ఆమెకి ఇష్టం. అది నిజం కాబట్టి ఇష్టం.

ఆ డిసెంబరులో చేపలు పైకి తేలి నోళ్లు తెరుచుకుని ఉండటం మొదలుపెట్టాయి. గేటు దగ్గరికి వచ్చినవాళ్లు ముచ్చటపడి రొట్టె ముక్కలు వేసేవాళ్లు. అవి రొట్టె ముట్టుకునేవి కావు. తర్వాత ఒక్కొక్కటే చచ్చాయి. గ్వెయ్‌జెన్ ఒకదాన్ని తీసి మొప్ప ఎత్తి చూసింది. ఎర్రగా ఉండాల్సింది పాత సోయా సాసు రంగులో ఉంది. నైట్రైట్ నెత్తురులోకి చేరితే నెత్తురు గాలి మొయ్యలేదు. నీళ్లలో గాలి బోలెడు ఉండగానే చేప ఊపిరాడక చస్తుంది.

"బజారు నుంచి కొత్తవి తెప్పించి వెయ్యండి" అన్నాడు హౌ.

"వాటినీ చంపుతామా సార్?"

"చేపలే కదా! ఏం, వాటికి పెళ్లీ పేరంటమూ చెయ్యాలా?"

వారం తిరక్కుండా అతను ఆమెని నీళ్లు కొలిచే యంత్రం ఉన్న గదికి పిలిచాడు. ఆ యంత్రం బయటికి పోయే కాలువలోంచి సన్నటి గొట్టంతో నీళ్లు పీల్చుకుని, గంటగంటకీ అంకెని తిన్నగా జిల్లా కాలుష్య నియంత్రణ ఆఫీసుకి పంపిస్తుంది. ఆ రోజు గొట్టం కొస కాలువలో లేదు. యంత్రం వెనక, బీరువా అరలో, ఒక తాగునీళ్ల సీసాలో ఉంది. ఆకుపచ్చ మూతకి చిల్లు పెట్టి గొట్టం దూర్చారు. తెరమీద అంకె 9.6.

"వట్టి తాగునీళ్లు పెడితే సున్నా వచ్చి అనుమానపడతారు" అన్నాడు హౌ, వంట చిట్కా చెబుతున్నంత మామూలుగా. "మూడు పాళ్లు మంచినీళ్లు, రెండు పాళ్లు మనవి. షిఫ్టుకోసారి సీసా మార్చు. రోజు కాగితం మీద ఈ అంకె రాసి సంతకం పెట్టు. నీ సంతకమైతే ఎవరూ మళ్లీ చూడరు."

గ్వెయ్‌జెన్ ఆ సీసా వైపు చూసింది. లోపల నీళ్లు తేటగా ఉన్నాయి. ఇన్నేళ్లలో ఏ మలం చూసినా, ఏ కుళ్లిన కుక్క కొట్టుకొచ్చినా కలగని అసహ్యం ఆ సీసాని చూడగానే కలిగింది.  చేతులు వెనక్కి పెట్టుకుంది.

"నేను పెట్టను సార్."

"జూన్‌కి నీకు యాభై. పింఛను. ఈలోపు కాంట్రాక్టు ఎవరు పొడిగించాలి? నేను. ఊరికే అన్నాన్లే అక్కా, మనసులో పెట్టుకోకు." నవ్వాడు. నవ్వి, చేతులు రుద్దుకున్నాడు. ఆ అత్తరు వాసనకి ఆమెకి నిజంగానే వాంతి వచ్చినంత పనైంది.

వీరోచితంగా కాగితం చింపి మొహాన కొట్టి వచ్చిందని రాస్తే బాగానే ఉండును. ఆమె సంతకం పెట్టింది. ఇరవై ఒక్కేళ్ల నిజం అంకెల పక్కన 9.6 అని రాసి, కింద నియే గ్వెయ్‌జెన్ అని పెట్టి, బయటికొచ్చి సబ్బుతో చేతులు కడుక్కుంది. మళ్లీ కడుక్కుంది. ఆ రోజు రొట్టె తినలేదు.

ఇంట్లో కూడా అదే పని. షౌచెంగ్ బాల్కనీలో ఉప్పు పట్టించిన పంది మాంసం ఆరేస్తూ ఆమెని చూశాడు.

"ఏంటే, ఇన్నేళ్లకి శుభ్రత నేర్చుకున్నావా? చేతులు పగిలిపోతున్నాయి చూడు."

"కంపు కొడుతున్నాయి."

అతను ఆమె చెయ్యి పట్టుకుని వాసన చూశాడు. "సబ్బు వాసన తప్ప ఏమీ లేదు."

"నీకు తెలీదులే" అంది ఆమె, చెయ్యి లాక్కుని.

పదకొండు రోజులు పదకొండు సంతకాలు పెట్టింది. రోజూ ఆకుపచ్చ మూత తీసి కొత్త సీసాకి మార్చడం, రోజూ ఆకలితో మాడుతున్న మంద పక్కనుంచి తలొంచుకుని నడిచిపోవడం. తన మీద తనకే రోత పుట్టింది. హౌ మీద ఉన్నదానికంటే ఎక్కువే.

పన్నెండో రోజున ప్రాంతీయ ఆఫీసు నుంచి తనిఖీకి వస్తున్నారు. పొద్దున్నే వచ్చి చూస్తే మూడు రోజుల కిందట వేసిన బజారు చేపల్లో రెండు వెల్లకిలా తేలి ఉన్నాయి. హౌ అదిరిపోయాడు. తొట్టిలోకి శుద్ధి నీళ్లు రాకుండా కట్టించి, ఉన్నవి తోడించి, పైపుతో ఊరి కుళాయి నీళ్లు నింపించాడు. బయటికి పోయే కాలువలోకీ ఇంకో పైపు వేయించాడు. నీళ్ల నమూనా ఎలాగూ భోజనాలయ్యాకే తీస్తారు, అప్పటికి కాలువ కూడా పలచబడుతుంది.

క్యాంటీన్లో వంటమనిషి లువోకి వేరే ఆజ్ఞ. "వల వేసి పట్టిన చేప లోపలికి రాగానే అవతల పారెయ్. బల్ల మీదికి బజారు చేప రావాలి."

లువో ఆ ముక్క గ్వెయ్‌జెన్ చెవిలో వేశాడు. "మన చేపని మనమే తినలేమన్నమాట. ఇంక ఆ తొట్టెందుకు, దండెయ్యడానికా?"

"ఏడవకు లువో అన్నా. నేను రాసే కాగితాల కంటే నీ వంట నయం, అది కనీసం నిజంగా ఉడుకుతుంది."

పదకొండు గంటలకి కార్లు వచ్చాయి. ముందు దిగినావిడ పేరు జింగ్, యాభై పైబడ్డ మనిషి. కారులోంచి తన సొంత రబ్బరు బూట్లు తీసి తొడుక్కుంది. అది చూడగానే హౌ నవ్వు కాస్త బిగుసుకుంది. అయినా యంత్రం గదిలో అంకె 9.6 దగ్గర బుద్ధిగా కూర్చుని ఉంది. జింగ్ కాగితాలు తిరగేసి, "సంతకాలన్నీ ఒకరివేనే" అంది. "మా సీనియర్ మనిషి మేడమ్, బంగారం" అన్నాడు హౌ. బంగారం గుమ్మం దగ్గర నిలబడి తన బూట్ల వైపు చూసుకుంది.

తర్వాత అందరూ గేటు దగ్గరికి నడిచారు. వల వేసే ఘట్టం.

హౌ నీళ్లు మార్చాడు. చేపల నెత్తురు మార్చలేకపోయాడు. నైట్రైట్ పట్టిన నెత్తురు మంచినీళ్లలో పెట్టినా మళ్లీ ఎర్రబడడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. ఆ సంగతి అతనికి తెలీదు, ఎందుకంటే అతను ఇన్నాళ్లలో ఒక్క చేపనీ చేత్తో ముట్టుకోలేదు. గ్వెయ్‌జెన్‌కి తెలుసు. వల కర్ర చేతిలోకి తీసుకున్నప్పుడే తెలుసు.

చేప చిక్కింది. బరువైనది, పోట్లాడలేదు, నీరసంగా తోక ఆడించింది. హౌ కళ్లతోనే క్యాంటీన్ వైపు చూపించాడు, తీసుకుపో అని. మామూలుగా అయితే ఆమె చేపని పైకెత్తి చూపించి, వెళ్లిపోతుంది. ఆ రోజు చేప రెండు చేతుల్లో ఉండగా తన చేతుల్నే చూసుకుంది. సబ్బుకి పగిలిన చేతులు. బొటనవేలు మొప్ప కింద దూర్చి పైకెత్తింది.

జింగ్ ముందుకి వంగింది. "ఈ రంగేంటి?"

"ఈ జాతి అంతే మేడమ్" అన్నాడు హౌ వెంటనే.

"ఏ జాతి?"

"అదే... చలికాలం జాతి."

జింగ్ అతని వైపు చూడనైనా చూడలేదు. "మా నాన్న చేపల చెరువులు కౌలుకి చేశాడు" అంది గ్వెయ్‌జెన్‌తో. "ఈ రంగు నేను చూశాను. నీళ్లేమో తేటగా ఉన్నాయి. ఎప్పుడు మార్చారు?"

"ఈ పొద్దున మార్చారు మేడమ్. ఇది ఆకలి వల్ల వచ్చిన రంగు."

"చేప ఆకలా?"

"కాదు. మా తొట్లలో వాటి ఆకలి. తిండి సగమే పెడుతున్నాం, అవి పని సగమే చేస్తున్నాయి. రండి, చూపిస్తాను."

చేపని తొట్టిలో వదిలేసి, తడి చేతులతోనే యంత్రం గదికి నడిచింది. బీరువా తెరిచి, ఆకుపచ్చ మూత సీసాలోంచి గొట్టం లాగి అందరి ముందూ పట్టుకుంది. గొట్టం కొసనుంచి చుక్కలు నేలమీద పడ్డాయి.

 అప్పుడు హౌ నోరు తెరిచాడు. గొంతులో నిజమైన ఆశ్చర్యం పలికించాడు, దానికి మాత్రం మెచ్చుకోవాలి.

"ఇది ఎవరు పెట్టారు? నియే! నువ్వా ఈ పని చేసింది? మేడమ్, నేను ఈవిణ్ణి కళ్లు మూసుకుని నమ్మాను."

నియే అక్క కాదు, నియే. గ్వెయ్‌జెన్‌కి అతన్ని తిట్టాలని కూడా అనిపించలేదు. కాలి కింద ఏదో మెత్తగా పడ్డట్టు ఒక్కడుగు పక్కకి జరిగింది.

జింగ్ 9.6 అని రాసిన పదకొండు కాగితాలూ బల్ల మీద పరిచింది. "ఇవి ఎవరి సంతకాలు?"

"నావే."

"ఎవరు పెట్టమన్నారు?"

"అదీ చెప్తాను. ముందు మాత్రం నావే అని రాసుకోండి."

"వీటికి మీరు జైలుకి వెళ్లాల్సి రావచ్చు, తెలుసా?"

"తెలుసు మేడమ్." ఆమె పన్నెండో కాగితం తీసుకుంది. ఆ పొద్దున కాలువలో పైపు వెయ్యకముందే ఎవరూ చూడకుండా ముంచి పరీక్ష చేసిన అంకె వేసింది, 23.4. కింద సంతకం పెట్టింది. "దీన్ని కూడా వాటితో పాటు తీసుకెళ్లండి."

మధ్యాహ్నం భోజనం మాత్రం ఆగలేదు. వండింది వండారు, బల్ల వేశారు. గ్వెయ్‌జెన్ లోపలికి వెళ్లలేదు. కుళాయి కింద చెయ్యి ఒకసారి ఝాడించి, తొట్టి గట్టు మీద కూర్చుని రొట్టె తింటోంది. లువో గరిటెతోనే పరిగెత్తుకొచ్చాడు.

"విన్నావా? ఆయనగారు అతిథి మర్యాదకని చేప చెంప కండ తీసి ఆ మేడమ్ గిన్నెలో పెట్టి, 'తినండి, మన నీళ్లలో పెరిగిందే' అన్నాడు! ఇంత జరిగాక కూడా! నోటికి అలవాటైపోయింది మరి."

"ఆవిడ తిందా?"

"చాప్‌స్టిక్స్ కింద పెట్టేసి లేచింది."

"సరే గానీ లువో అన్నా, గోడౌన్లో పాత తెల్ల బస్తాలు ఆరేడు ఉన్నాయి. నీలం డ్రమ్ముల పంపు ఆపించు. రేపట్నించి రోజుకి ఒక బస్తా చొప్పున పొయ్యమని చెప్పు. ఒక్కసారే పొయ్యొద్దు, చాలా రోజులు పస్తున్నాయి, అరగవు."

"నువ్వు చెప్పొచ్చుగా?"

"నేను ఉండను" అంది ఆమె.

పదిహేను రోజులు లోపల పెట్టారు. బయటికి వచ్చేసరికి కాంట్రాక్టు రద్దయింది. పింఛను ఇంక ఎప్పటికో, ఎంతకో, ఆ ఆఫీసు చుట్టూ షౌచెంగ్ తిరుగుతున్నాడు. ఆమె రెండు రోజులకోసారి రోడ్డు పక్కన ప్లాంటు కంచె దగ్గర ఆగి, ఊచల్లోంచి గాలి లేని తొట్టి వైపు చూసి వస్తుంది. సన్నటి బుడగలు మళ్లీ లేస్తున్నాయి. అది చూసొచ్చిన రోజున అన్నం ఒక ముద్ద ఎక్కువ తింటుంది.

హౌ విచారణలో తాను మోసపోయానని చెప్పాడు. రెండు నెలలు కనిపించలేదు. మూడో నెలలో ఒక మధ్యాహ్నం అన్నం తింటుండగా షౌచెంగ్ ఫోన్ ఆమె ముందు పెట్టాడు. అందులో ఒక వార్త ఫోటో. పక్క జిల్లాలో యాన్‌చావ్ ప్లాంటుకి మూడింతలుండే కొత్త ప్లాంటు. గేటు దగ్గర కొత్త రాతి తొట్టి. దాని పక్కన తెల్ల గ్లౌజులతో కొత్త మేనేజర్ హౌ, నవ్వుతూ, నీళ్లలోకి రొట్టె ముక్కలు విసురుతున్నాడు.

గ్వెయ్‌జెన్ రెండు వేళ్లతో ఫోటోని పెద్దది చేసింది. హౌ మొహాన్ని పక్కకి నెట్టేసి నీళ్లని దగ్గరికి లాగింది. చేపలన్నీ పైకి వచ్చి నోళ్లు తెరుచుకుని ఉన్నాయి.

"చూశావా, ఎంత ఆశగా ఎదురుచూస్తున్నాయో తిండికి" అన్నాడు షౌచెంగ్.

"అది తిండి కోసం కాదు" అంది ఆమె. గిన్నె పక్కకి జరిపి, చేతులు కడుక్కోవడానికి లేచింది.